126 దగ్గర ఆగిన స్పీడ్ గన్

ప్రశ్న సారాంశం

ఈసారి ఉత్తరం రాసినాయన రంజీ ఆడుతున్న కుడిచేతి మీడియం పేసర్. వయసు 29. పేరు, రాష్ట్రం బయటపెట్టవద్దన్నారు. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి మిగతాది క్లుప్తంగా ఇస్తున్నాను.

ఎనిమిది సీజన్లలో 34 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు ఆడారు. 91 వికెట్లు, ఒక్కో వికెట్‌కు సగటున 29 పరుగులు. బ్యాటింగ్ ఎనిమిదో స్థానంలో. కొత్త బంతిని రెండువైపులా కదిలిస్తాడనీ, ఒక ఎండ్ అప్పజెబితే గంటల తరబడి పరుగులివ్వకుండా వేస్తాడనీ జట్టులో పేరు. కిందటేడాది కొత్త కోచ్ వచ్చారు. "నాకు 140 వేసేవాళ్ళు కావాలి" అన్నది మొదటి మీటింగ్‌లోనే ఆయన చెప్పిన మాట. 140 అంటే గంటకు అన్ని కిలోమీటర్ల వేగం. సీజన్ ముందు క్యాంపులో స్పీడ్ గన్ పెడితే ఈయన సగటు 126 వచ్చింది. ఆ సీజన్లో మూడు మ్యాచ్‌లు ఆడించారు. రెండింటికి రిజర్వులో కూర్చోబెట్టారు. మిగతావాటికి పిలుపే రాలేదు. ఆయన చోటులోకి వచ్చింది 21 ఏళ్ళ కుర్రాడు. వాడికి అవుట్‌స్వింగర్ నేర్పింది ఈయనే. ఆ కుర్రాడు ఇప్పటికీ రాత్రిళ్ళు వీడియోలు పంపి "అన్నా, బంతి ఎందుకు కదలట్లేదు, చూడవా" అని ఫోన్ చేస్తున్నాడు.

ఇప్పుడు ఆయన ముందు నాలుగు దారులున్నాయి. ఒక ప్రైవేటు అకాడమీ యాక్షన్ మార్చి నాలుగు నెలల్లో 8 నుంచి 10 కిలోమీటర్ల వేగం పెంచుతామంటోంది; ఫీజు కడితే దాచుకున్న డబ్బులో సగం పోతుంది. ఒక ప్రభుత్వ సంస్థ స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఇస్తానంది; ఆరు వారాల్లో జవాబు చెప్పాలి. రంజీలో కింది మెట్టయిన ప్లేట్ గ్రూపులోని ఒక చిన్న జట్టు గెస్ట్ ప్లేయర్‌గా, అంటే బయటి రాష్ట్రం నుంచి వచ్చి ఆడే ఆటగాడిగా వస్తారా అని అడిగింది. అమెరికాలో ఉన్న బావమరిది "ఇక్కడికొచ్చెయ్, ఇక్కడ క్రికెట్ పెరుగుతోంది" అంటున్నాడు. భార్యకు ఏడో నెల. జట్టులోంచి తీసేశారని తండ్రికి చెప్పలేక, భుజం నొప్పి వల్ల విశ్రాంతి తీసుకుంటున్నానని చెప్పారు. తండ్రి ఆ భుజానికి కాపడం పెట్టుకొమ్మని రోజూ గుర్తుచేస్తున్నారు. "నేను అయిపోయానా, లేక నాలాంటి బౌలింగే అయిపోయిందా?" అని అడుగుతూ ఉత్తరం ముగించారు.

జవాబు

తమ్ముడూ,

మీ ఉత్తరంలో 126 అనే అంకె ప్రతి పేజీలోనూ ఉంది. 91 అనే అంకె ఒక్కచోటే, అదీ బ్రాకెట్లలో ఉంది. మీ కోచ్ ఆ స్పీడ్ గన్‌ను ఒక క్యాంపులో వాడి పక్కన పెట్టేసి ఉంటారు. మీరు మాత్రం దాన్ని ఇంటికి తెచ్చుకుని రోజూ మీ మీదే గురిపెట్టుకుంటున్నారు.

మూడు బాధలు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. ఈ కోచ్‌కి మీరు అక్కర్లేదు. మీ బౌలింగ్‌కి కాలం చెల్లిందేమోనన్న భయం. బిడ్డ పుట్టాక ఇల్లెలా గడుస్తుందన్న బెంగ. మొదటిది నిజం, దాన్ని ఒప్పుకోక తప్పదు. రెండోది ఇంకా తేలలేదు. మూడోది కాగితం మీద లెక్కేస్తే తేలిపోతుంది. ఈ మూడింటికీ ఒకే మందు దొరుకుతుందని మీరు అకాడమీ వైపు చూస్తున్నారు. నాకు అక్కడే అనుమానం.

ముందు వేగం సంగతి చూద్దాం. రెండు పాపింగ్ క్రీజుల (స్టంప్స్ ముందుండే గీతల) మధ్య దూరం 58 అడుగులు, అంటే 17.68 మీటర్లు. గాలిలో బంతి కోల్పోయే వేగాన్ని పక్కనపెడితే, 126 కిలోమీటర్ల బంతి ఆ దూరం దాటడానికి 0.505 సెకను తీసుకుంటుంది. మీ చోటులోకొచ్చిన కుర్రాడిలా 138 అయితే 0.461. తేడా సెకనులో ఇరవయ్యో వంతు కూడా లేదు. అలాగని అది చిన్న తేడా అనను. తప్పు లైన్లో షాట్ మొదలుపెట్టిన బ్యాటర్ దిద్దుకునేది ఆ కాస్త వ్యవధిలోనే. మూడోరోజు మధ్యాహ్నం బంతి మెత్తబడి, పిచ్‌లో ప్రాణం లేనప్పుడు, కొత్త బంతితో మీరు చేసే విద్యలేవీ పనిచేయవు. ఆ గంటలో వికెట్ తీసేవాడు కావాలని మీ కోచ్ కోరుకోవడం అన్యాయం కాదు. పైన కూర్చున్న సెలెక్టర్లు కూడా వేగమే చూస్తారని ఆయనకు తెలుసు. ఆయన్ని విలన్‌ని చేస్తే మీకు కాసేపు ఊరట దొరుకుతుంది, అంతకుమించి ఏమీ దొరకదు.

అయితే బ్యాటర్ చేతిలోంచి ఆ సమయాన్ని లాక్కోవడానికి వేగం ఒక్కటే దారి కాదు. ఆలస్యంగా కదిలే బంతి కూడా అదే పని చేస్తుంది. దక్షిణాఫ్రికా వెర్నన్ ఫిలాండర్ 130కి అటూఇటూ వేగంతోనే 64 టెస్టుల్లో 224 వికెట్లు తీశాడు, సగటు 22.32. పాకిస్తాన్ మహమ్మద్ అబ్బాస్ వేగం ఇంచుమించు మీదే. 2021 తర్వాత మూడేళ్ళకు పైగా అతన్ని టెస్టు జట్టులోకి పిలవలేదు. 2024 డిసెంబరులో సెంచూరియన్‌లో, 34 ఏళ్ళ వయసులో తిరిగొచ్చి, రెండో ఇన్నింగ్స్‌లో 54 పరుగులకు 6 వికెట్లు తీశాడు. ఇంగ్లండ్‌లో జరిగిన 1983 ప్రపంచకప్‌లో అందరికంటే ఎక్కువ వికెట్లు, 18, తీసిన రోజర్ బిన్నీ కూడా మీ తరహా బౌలరే. (ఈ ముక్క మీ కోచ్‌తో వాదనకు మాత్రం వాడకండి. ఇంగ్లండ్‌లో జూన్ నెల వేరు, మన దగ్గర జనవరి వేరని ఆయన వెంటనే అంటారు. అది నిజం కూడా.)

మీకు దగ్గరి పోలిక కర్ణాటక మీడియం పేసర్ వినయ్ కుమార్. ఆడింది ఒకే ఒక టెస్టు, 2012 జనవరిలో పెర్త్‌లో. 73 పరుగులిచ్చి ఒక్క వికెట్ తీశాడు. ఆ మ్యాచ్ ఒక్కటే చూసినవాళ్ళు "ఈ వేగంతో టెస్టులేమిటి" అన్నారు. అదే మనిషి కర్ణాటకకు కెప్టెన్‌గా 2013-14, 2014-15లో వరసగా రెండుసార్లు రంజీ గెలిపించాడు. 504 ఫస్ట్ క్లాస్ వికెట్లతో రిటైరయ్యాడు. పెర్త్ చూసినవాళ్ళూ అబద్ధం చెప్పలేదు, కర్ణాటక వాళ్ళూ అబద్ధం చెప్పరు. మీ కొలత ఏ మైదానంలో తీయాలన్నది మీరు తేల్చుకోవాల్సిన విషయం. ఇండియా టోపీ కోసమే ఆడుతున్నట్టయితే, 29 ఏళ్ళకు 126 వేగంతో ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది. మెత్తగా చెప్పి లాభం లేదు. ఫస్ట్ క్లాస్ బౌలర్‌గా ఇంకో ఐదారేళ్ళు గౌరవంగా ఆడాలన్నది కోరికైతే ఆ తలుపు మూసుకుపోలేదు.

అందుకని ముందుగా ఒక పని చెయ్యండి. ఆ 91 వికెట్లను ముందేసుకుని కూర్చోండి. స్కోర్‌కార్డులు ఎలాగూ దొరుకుతాయి. మొదటి పదిహేను ఓవర్లలో ఎన్ని వచ్చాయి? నలభై నుంచి ఎనభై ఓవర్ల మధ్య, బంతి ముసలిదయ్యాక ఎన్ని? 80 ఓవర్లు దాటి రెండో కొత్త బంతి తీసుకున్నాక ఎన్ని? మొదటి ఆరుగురు బ్యాటర్లలో ఎందరు? ఎల్‌బీ, బౌల్డ్ ఎన్ని, స్లిప్ క్యాచ్‌లు ఎన్ని? కొత్త బంతి వికెట్లే ఎక్కువై, మధ్య ఓవర్లలో చేయి ఖాళీగా ఉంటే మీ కోచ్ అనుమానానికి ఆధారం ఉన్నట్టే. మీ కష్టం వేగం దగ్గర లేదు, పాత బంతి దగ్గర ఉంది. వాబుల్ సీమ్ (కుట్టు ఊగుతూ వెళ్ళే బంతి), కట్టర్లు, క్రీజు వాడకం, రౌండ్ ది వికెట్ వచ్చే కోణం, ఇవి 29 ఏళ్ళకూ నేర్చుకోవచ్చు, నడుము విరగదు.

ఇంకొకటి కూడా వెతకండి. మీరు పదిహేను ఓవర్లు వేసి ముప్పై పరుగులే ఇచ్చిన రోజుల్లో రెండో ఎండ్‌లో ఎవరికి ఎన్ని వికెట్లు పడ్డాయి? రంజీ లీగ్ మ్యాచ్ డ్రా అయితే తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం ఉన్న జట్టుకు 3 పాయింట్లు, లేని జట్టుకు 1. ఆ ఆధిక్యం ముప్పై నలభై పరుగుల తేడాతో వచ్చిన మ్యాచ్‌లు ప్రతి సీజన్లోనూ ఉంటాయి. అలాంటి మ్యాచ్‌లో మీ పదిహేను ఓవర్ల విలువ మీ పేరు ముందున్న వికెట్ల గడిలో కనిపించదు. కోచ్ దగ్గరికి వెళ్తే "నన్నెందుకు తీసేశారు" అని వెళ్ళకండి, ఈ పట్టికతో వెళ్ళండి. "140 వేసే ఇద్దరికి ఊపిరి తీసుకునే టైము ఇచ్చే మూడో బౌలర్ ఎవరు?" అని అడగండి. ఆయన దగ్గర జవాబు ఉంటే వినండి. లేకపోతే ఆ ఖాళీయే మీ చోటు.

వికెట్ కీపర్ సంగతి మీరు రాయలేదు. మీ వేగానికి బ్యాటర్లు క్రీజు దాటి బయట నిలబడతారు. స్వింగ్ పూర్తిగా తిరిగేలోపే బంతిని కలుస్తారు, ఎల్‌బీ అవకాశాన్నీ చంపేస్తారు. కీపర్‌ను స్టంప్స్ దగ్గరికి పిలిస్తే వాళ్ళు వెనక్కి క్రీజులోకి వెళ్ళక తప్పదు. దీన్ని అవమానంగా భావించే మీడియం పేసర్లు చాలామంది ఉన్నారు. "నన్ను స్పిన్నర్‌ని చేశారు" అని అలిగి వికెట్లు పోగొట్టుకుంటారు. మీరు వాళ్ళలో ఒకరైతే ఆ అలక మానుకోవడం అన్ని దారుల్లోకీ చవకైనది.

ఇక అకాడమీ. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీ మనసు అటే మొగ్గుతోందని తెలుస్తోంది.

వాళ్ళు మాటిచ్చింది 8 నుంచి 10 కిలోమీటర్లు. ఆ మాట అక్షరాలా నిలబెట్టుకున్నారనే అనుకుందాం. 126కి పది కలిపితే 136. మీ కోచ్ అడిగింది 140. దాచుకున్న డబ్బులో సగం ఖర్చుపెట్టి, నాలుగు నెలలు చెమటోడ్చి, అనుకున్నదంతా జరిగినా మళ్ళీ అదే గది ముందు అదే వరసలో నిలబడతారు. పక్కన 21 ఏళ్ళవాడు ఉంటాడు. ఈ కూడిక మీరు చెయ్యలేదని కాదు, చెయ్యాలనిపించలేదు.

అనుకున్నట్టు జరగకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. వేగం ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలుసు: రన్-అప్ ఊపు, బంతి వదిలే క్షణంలో ముందుకాలు వంగకుండా బిగిసి నిలవడం, నడుము తిరిగాక భుజం ఆలస్యంగా రావడం, వీటన్నిటి వెనకా ఒంటి బలం. ఇందులో బలమూ రన్-అప్పూ ముందుకాలూ కొంతవరకు ఏ వయసులోనైనా మెరుగుపరచుకోవచ్చు. దానికి మీ సంఘం ట్రైనర్ చాలు, సగం పొదుపు అక్కర్లేదు. యాక్షన్ మొత్తాన్ని విప్పి మళ్ళీ కుట్టడం మాత్రం వేరే వ్యవహారం. ఇంగ్లండ్ పేసర్ జేమ్స్ ఆండర్సన్ కెరీర్ మొదట్లో కోచ్‌లు అతని యాక్షన్‌లో మార్పులు చేశారు. 2006లో నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఒత్తిడికి ఎముక పగలడం) వచ్చి నెలల తరబడి ఆట మానేయాల్సి వచ్చింది. తర్వాత తన పాత యాక్షన్‌కే తిరిగొచ్చి, 2024లో రిటైరయ్యేనాటికి 704 టెస్టు వికెట్లు తీశాడు. ఆ గాయం నాటికి అతనికి ఇరవైల్లో వయసు, కోలుకోవడానికి కాలం ఉంది, వెనక బోర్డు ఉంది. మీకు అందులో ఏదీ లేదు.

ఆ పగులు ఎందుకు వస్తుందో కూడా చెబుతాను. తుంటి ఒక దిక్కు, భుజాలు ఇంకో దిక్కు చూసే మిక్స్‌డ్ యాక్షన్ ఒక కారణం. ఉన్నట్టుండి ఓవర్లు పెంచేయడం ఇంకొకటి. కొత్త యాక్షన్ నేర్చుకునేవాడు ఈ రెండు తప్పులూ ఒకేసారి చేసే ప్రమాదం ఉంది: పాత అలవాటుకీ కొత్త పాఠానికీ మధ్య ఒళ్ళు ఊగిసలాడుతుంది, గడువు దగ్గరపడుతోందని రోజుకు వందల బంతులు వేస్తాడు. ఇక చివరిది, నా దృష్టిలో పెద్దది: యాక్షన్ మారితే ముందు పోయేది కంట్రోల్. ఇన్నాళ్ళూ మీకు అన్నం పెట్టింది అదే. 130 వేగంతో ఓవర్‌కి రెండు చెత్త బంతులు వేసే 30 ఏళ్ళ బౌలర్‌ని ఏ జట్టు తీసుకుంటుందో మీరే చెప్పండి.

ఇంతా విన్నాక కూడా వెళ్ళాలనిపిస్తే ఆపను. కానీ డబ్బు కట్టేముందు వాళ్ళను ఒకటి అడగండి: మీ వయసులో, ఫస్ట్ క్లాస్ స్థాయిలో, పది కిలోమీటర్లు పెరిగి మళ్ళీ జట్టులోకొచ్చిన బౌలర్‌ని ఒక్కరిని చూపించమనండి. పదిహేడేళ్ళ కుర్రాళ్ళ వీడియోలు చూపిస్తే లేచి వచ్చేయండి.

డబ్బు లెక్కకొద్దాం. బీసీసీఐ 2021లో సవరించిన ఫీజుల ప్రకారం 40కి పైగా మ్యాచ్‌లు ఆడినవారికి రోజుకు 60 వేలు, 21 నుంచి 40 ఆడినవారికి 50 వేలు, అంతకు తక్కువైతే 40 వేలు. రిజర్వులో ఉంటే అందులో సగం. మీది 50 వేల వరస. పై మెట్టయిన ఎలైట్ గ్రూపులో నాలుగేసి రోజుల లీగ్ మ్యాచ్‌లు ఏడూ ఆడితే 28 రోజులు, 14 లక్షలు. కిందటేడాది మీకు మూడు మ్యాచ్‌లకు 6 లక్షలు, రిజర్వు రెండింటికి 2 లక్షలు, వెరసి 8 వచ్చి ఉండాలి. ఇంకో ఏడు మ్యాచ్‌లు ఆడితే 60 వేల వరసలోకి వెళ్తానని రాశారు. నిజమే, కానీ ఆ తేడా రోజుకు పదివేలు. తుది జట్టులో చోటు దొరకడానికీ అసలు పిలుపే రాకపోవడానికీ తేడా రోజుకు యాభై వేలు. ముందు రెండోదాని సంగతి చూడాలి. పైగా ఇది నెలజీతం కాదు. నడుము పట్టేసిన నెలలో ఎవరూ ఏమీ ఇవ్వరు.

ఐపీఎల్ గురించి ఒక్క మాట రాశారు కాబట్టి నేనూ ఒక్క మాటే రాస్తాను. 2025 సీజన్ వేలం నుంచి అక్కడ కనీస ధర 30 లక్షలు. మీ రంజీ సీజన్ మొత్తానికి రెండింతలు. మీడియం పేసర్లు అక్కడా బతుకుతున్నారు. హర్షల్ పటేల్ 2021లో 32 వికెట్లు తీసి, 31 ఏళ్ళు నిండబోతుండగా ఇండియాకు తొలి మ్యాచ్ ఆడాడు. అయితే అతను అమ్మింది లైన్ అండ్ లెంగ్త్ కాదు, వేగం తగ్గించే విద్య. మీ ఉత్తరంలో యార్కర్ ఊసు గానీ, స్లో బాల్ ఊసు గానీ, చివరి ఓవర్లు వేసిన ఊసు గానీ లేదు. అందుకని ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఉద్యోగం గురించి రాస్తూ "ఒప్పుకుంటే ఓడిపోయినట్టే కదా" అన్నారు. 2007 టీ20 ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్ వేసిన జోగిందర్ శర్మ హరియాణా పోలీసు శాఖలో డీఎస్పీ అయ్యాడు. మీడియం పేసరే. ఉద్యోగం చేస్తూనే చాలాఏళ్ళు రంజీ ఆడాడు, రిటైర్మెంట్ ప్రకటించింది 2023లో. ఉద్యోగం ఉన్న బౌలర్‌కి ఒక స్వేచ్ఛ ఉంటుంది: ఈ మ్యాచ్‌లో వికెట్ పడకపోతే వచ్చే నెల అద్దె ఎలా అన్న ఆలోచన రన్-అప్‌లో ఉండదు. ఇంకో వైపు కూడా ఉంది. సంస్థ టోర్నమెంట్లు మీ రంజీ క్యాంపులతో ఢీకొనవచ్చు. బదిలీలుంటాయి. నలభయ్యో ఏట, పాతికేళ్ళప్పుడే చేరినవాళ్ళకంటే కింది కుర్చీలో కూర్చుంటారు. ఏ సంస్థో మీరు రాయలేదు. రైల్వేస్‌కీ సర్వీసెస్‌కీ సొంత రంజీ జట్లున్నాయి. అలాంటి చోటైతే మీ రాష్ట్రానికి కాక వాళ్ళకే ఆడాల్సి రావచ్చు. మిమ్మల్ని వద్దన్న కోచ్ నుంచి అలా బయటపడటం మీకు మంచిదే కావచ్చు.

ప్లేట్ జట్టు సంగతి అంత తేలిగ్గా కొట్టేయకండి. "చిన్న జట్టుకు వెళ్తే జనం ఏమనుకుంటారు" అని రాశారు. 500 వికెట్ల వినయ్ కుమారే కర్ణాటక వదిలి 2019-20లో పుదుచ్చేరికి గెస్ట్ ప్లేయర్‌గా ఆడాడు. అంతకుముందు రాజస్థాన్ పంకజ్ సింగ్ కూడా వెళ్ళాడు. ఒక్కో జట్టుకు గెస్ట్ ప్లేయర్లు ముగ్గురే. అందులో ఒకరిగా పిలిచారంటే ఆడించడానికే పిలిచారు. కొత్త బంతి మీది, పాత బంతీ మీదే, కుర్రాళ్ళకు నేర్పే పనీ మీదే. మ్యాచ్ ఫీజులో తేడా ఉండదు. నష్టం ఒకటుంది: ప్లేట్‌లో తీసిన వికెట్లను సెలెక్టర్లు ఒక మెట్టు కిందే లెక్కేస్తారు. ఇంకొకటి, సొంత సంఘం నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని వెళ్ళాక తిరిగి రావడం వెళ్ళినంత సులువు కాదు. ఒక్క సీజన్‌కా, రెండింటికా, గాయమైతే ఏమిటి అన్నవి రాతలో లేకుండా కదలకండి. ప్రసవం సమయానికి మీరు ఎక్కడుంటారన్నది కూడా ఈ లెక్కలోదే. మీ భార్య ఈ దారి గురించి ఏమన్నారో మీ ఉత్తరంలో ఒక్క మాటా లేదు.

అమెరికా పేరెత్తగానే అందరికీ సౌరభ్ నేత్రావల్కర్ గుర్తొస్తాడు. ముంబైకి ఒకే ఒక్క రంజీ మ్యాచ్ ఆడిన ఎడమచేతి మీడియం పేసర్, 2024 టీ20 ప్రపంచకప్‌లో డాలస్‌లో పాకిస్తాన్ మీద సూపర్ ఓవర్ వేసి గెలిపించాడు. మీ బావమరిది చెప్పని సంగతి ఏమిటంటే, అతను క్రికెట్ కోసం అమెరికా వెళ్ళలేదు. ఎంఎస్ చదవడానికి వెళ్ళాడు, ఒరాకిల్‌లో ఇంజనీరుగా ఉద్యోగం చేస్తూ ఆడాడు. ఇంకో దేశానికి ఆడాలంటే ఐసీసీ నియమం ప్రకారం అక్కడ మూడేళ్ళు నివాసం ఉండాలి. విదేశీ ఫ్రాంచైజీ లీగుల్లో ఆడాలంటే ఇక్కడ అన్ని రకాల క్రికెట్‌కీ రిటైర్మెంట్ ఇవ్వాలని బీసీసీఐ పట్టుబడుతుంది. అంటే ఈ దారిలో అడుగుపెట్టాక వెనక్కి అడుగు లేదు. వీసా, చేతిలో ఇంకో పని, రెండూ ఉంటేనే ఆలోచించండి. మీ ఉత్తరంలో ఆ రెండూ కనిపించలేదు. బయటి పిచ్‌ల మీద ఆడాలన్న కోరికే అయితే, బోర్డు అనుమతితో సీజన్ లేని నెలల్లో ఇంగ్లండ్ క్లబ్ లీగుల్లో ఆడివచ్చే మన రంజీ ఆటగాళ్ళు చాలామందే ఉన్నారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడి సీజన్. అక్కడ వాడే డ్యూక్స్ బంతి మీ చేతికి నచ్చుతుంది.

మీ నాన్నగారి సంగతి. ఆయన లేని నొప్పికి కాపడం పెట్టుకొమ్మంటున్నారు. మీరు సరేనంటున్నారు. ఈ అబద్ధానికి గడువు తక్కువ. జట్టు ప్రకటన పేపర్లో వస్తుంది, ఎవరో ఒకరు ఫోన్ చేసి "మీవాణ్ణి తీసేశారటగా" అంటారు. అప్పుడు ఆయనకు మీ చోటు పోయిందన్న బాధకంటే, మీరు చెప్పలేదన్న బాధే పెద్దదవుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. భుజం గాయం అన్న మాట ఇంట్లోంచి బయటికి పొక్కి ఆ ప్లేట్ జట్టు చెవిన పడితే వాళ్ళు వెనక్కి తగ్గుతారు. ముందు నాన్నగారికి చెప్పండి. "తీసేశారు, ఇంకా ఏం చెయ్యాలో తేల్చుకోలేదు" అంటే చాలు. పరిష్కారం దొరికాకే చెబుదామని ఆగకండి. ఆయన ఉద్యోగంలో చేరమంటారని మీ భయం. అననివ్వండి. ఆ మాట విని కూడా వేరే నిర్ణయం తీసుకునే వయసు మీకుంది.

ఆ కుర్రాడి ఫోన్ వస్తే ఒళ్ళు మండుతోందనీ, మళ్ళీ అందుకు సిగ్గేస్తోందనీ రాశారు. రెండూ సహజమే. వాడు మీ చోటు లాక్కోలేదు, వాడికి ఇచ్చారు. జవాబివ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం, అప్పు తీర్చినట్టు ప్రతి రాత్రీ ఎత్తాల్సిన పని లేదు. ఆదివారాలు నెట్స్‌కి రమ్మనండి, ఫోన్‌లో వీడియోలు వద్దనండి. ఒకటి మాత్రం గమనించుకోండి: 138 వేసేవాడికి దొరకని జవాబు 126 వేసే మీ దగ్గర ఉందని వాడికి తెలుసు. బీసీసీఐ కోచింగ్ కోర్సుల్లో మొదటి స్థాయి ఆడుతుండగానే చేసుకోవచ్చేమో మీ సంఘంలో కనుక్కోండి. ఆడటం ఆపేశాక మొదలుపెట్టేవాళ్ళకంటే ముందుంటారు.

ఇక ఈ ఆరు వారాలు. ఉద్యోగానికి అవుననో కాదనో చెప్పేముందు ఆ సంస్థకు ఒక ఉత్తరం రాయండి: రంజీ సీజన్‌లో సెలవు ఇస్తారా, వేరే రాష్ట్రానికి గెస్ట్‌గా ఆడటానికి ఎన్ఓసీ ఇస్తారా, ఆట ఆపేశాక ఏ హోదాలో ఏ పని ఇస్తారు? నోటిమాట ఒప్పుకోకండి, జవాబు కాగితం మీద తీసుకోండి. ఎన్ఓసీ ఇస్తామంటే ఉద్యోగమూ ప్లేట్ జట్టూ రెండూ కలిసి రావచ్చు. అప్పుడు మీరు దేన్నీ వదులుకోనక్కర్లేదు. ఇవ్వమంటే రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. అది మీరూ మీ భార్యా కూర్చుని తేల్చాల్సిన విషయం, నేను తేల్చేది కాదు. ఈలోపు ఆ ప్లేట్ జట్టు నుంచి కూడా షరతులు రాతలో తెప్పించండి. రెండు కాగితాలూ చేతికొచ్చాక కూడా ఎటూ తేలకపోతే మళ్ళీ రాయండి, ఈసారి ఆ 91 వికెట్ల పట్టిక జతచేసి.